లచ్చవ్వ పేరు మీద బియ్యం

యమున కొత్తవాడలో మగ్గం చప్పుడు మధ్య పెరిగింది. తండ్రి పండరి జంపఖానాలు నేస్తాడు. డిగ్రీ అయ్యాక ఆమెకు వరంగల్‌లోనే ఒక పరిశోధనశాలలో టెక్నీషియన్ ఉద్యోగం దొరికింది. కణాలను గాజు పళ్లేల్లో పెంచడం, వాటికి తిండి పెట్టడం పని. "బర్లను సాదినట్టే" అంటుంది.

దెబ్బతిన్న కణం ఇక బాగుపడని స్థితికొస్తే తనను తానే చంపుకుంటుంది. క్యాన్సర్ కణం ఆ పని చేయదు. మందు పెట్టి, ఆకలితో మాడ్చి సతాయిస్తే చస్తుందా అన్నదే అక్కడి పరిశోధన.

యమున తల్లి లచ్చవ్వకు కడుపులో క్యాన్సర్ గడ్డ లేచింది. ఆపరేషన్‌కు ముందు, అందులో ముక్క బిడ్డ పనిచేసే ల్యాబ్‌కు ఇవ్వడానికి ఒప్పుకుంది. "నాకెందుకది, తీస్కపోండ్రి" అంది. నిరుడు చలికాలంలో చనిపోయింది. కణాలు బతికాయి. కొన్ని పళ్లెంలో, కొన్ని ద్రవ నత్రజని డబ్బాలో, మంచును మించిన చలికి గడ్డకట్టి. అక్కడ ఏళ్ల తరబడి అలాగే ఉంటాయి. ఒకరోజు అన్నం తింటూ యమున ఇదంతా తండ్రికి చెప్పింది. చెప్పకుండా ఉండాల్సింది.

పెత్రమాస దగ్గరికొచ్చింది. పోయినవాళ్ల పేరు మీద గుడి దగ్గర అయ్యగారికి బియ్యం ఇచ్చే రోజు. పండరి తన తల్లిదండ్రుల పేరు మీద మాత్రమే రెండు మూటల బియ్యం తీసి పెట్టాడు.

"బతికున్నదాని పేరు మీద బియ్యం ఎట్లిస్తరు?"

అతని అక్క బక్కమ్మ ఊరుకోలేదు. "నీ చేతులతోనే కొరివి వెట్టినవ్ గదరా! సీసల ఉన్న పెండ్లానికి బతుకమ్మకు చీర గూడ కొంటవా ఏంది?"

పండరి నవ్వలేదు. "ఆకలితోని తిరుగుతాందేమో అక్కా. ఇస్తే ఒక పాపం, ఇయ్యకుంటే ఒక పాపం." బిడ్డ వైపు తిరిగాడు. "అవి సచ్చినంక చెప్పు బిడ్డా. అప్పుడిస్త."

ఆ వారమే లచ్చవ్వ కణాలకు మందు పెట్టే వంతు వచ్చింది. మర్నాడు యమున మైక్రోస్కోపులో చూసింది. కణాల ఒంటి మీద బుడగలు లేచాయి. ముడుచుకుని, పట్టు వదిలి, నీళ్లలో తేలాయి. ఆఖరి రోజుల్లో అమ్మ మంచంలో అలాగే ముడుచుకుంది.

ఇక డబ్బాలోది మిగిలింది. దాన్ని పారేసే అధికారం ఆమెకు లేదు. అయినా మూత తీసింది. గ్లవ్ వేసుకోలేదు. అమ్మ కణాలున్న చిన్న గొట్టం వేళ్లకు అతుక్కుంది. కాసేపు అలాగే పట్టుకుని, మళ్లీ లోపలే పెట్టేసింది.

పెత్రమాస పొద్దున, "అయిపోయింది నాయినా" అంది.

పండరి మూడో మూటలో బియ్యం పోసి, చింతపండు, బీరకాయలు పెట్టాడు. ముడి వేయడానికి గుడ్డ కొస పట్టుకొమ్మన్నాడు. అప్పుడు కనిపించాయి, తెల్లగా పొక్కిన ఆమె వేళ్లు.

"గదేంది?"

"సల్లటిది తాకింది."

"ఆ డబ్బాలదా?"

యమున వేళ్లు ముడిచింది. పండరి ముడి వేయకుండానే బియ్యాన్ని తిరిగి డ్రమ్ములో పోశాడు. రెండు మూటలే చంకన పెట్టుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగాడు.

"ఆడ మస్తు సలి గదా, మీ అవ్వకు?"

యమున తలూపింది.