క్రేన్ కింద వాగుడుకాయ

మా చిన్న మామయ్యకు నత్తి. మామూలు నత్తి కాదు. ఆయన మంచినీళ్ళు అడగడం మొదలుపెడితే, ఆ మాట పూర్తయ్యేలోగా మా అమ్మ గ్లాసు తెచ్చివ్వడం, ఆయన తాగడం, గ్లాసు బోర్లించడం కూడా అయిపోయేవి. నాకేమో నోరు ఎక్కువ. "మా తమ్ముడికి ఇవ్వాల్సింది కూడా దీనికే ఇచ్చేశాడు దేవుడు" అని అమ్మ అందరి ముందూ అనేది. మా ఇంట్లో ఆయన ఏ మాట ఎత్తుకున్నా మిగతా సగం మేమే అతికించేవాళ్ళం. అది సాయమనే అనుకునేవాళ్ళం. నేనైతే ఏడేళ్ళప్పటి నుంచే ఆ పనిలో ఆరితేరాను.

అన్నిటికంటే ఆయనకు కష్టమైన మాట తన పేరే. ఒకసారి సంబంధం మాట్లాడటానికి వెళ్తే, పిల్ల తండ్రి మర్యాదగా పేరు అడిగాడు. మామయ్య మొదటి అక్షరం దగ్గరే ఉండిపోయాడు. పిల్ల లేచి లోపలికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆయన ఎవరింటికీ వెళ్ళలేదు. మా వీధి చివర ఒంటి గదిలో ఒక మంచం, ఒక స్టవ్వు, ఒక రేడియో పెట్టుకుని ఉండిపోయాడు.

నేను పనిచేసే యార్డులోనే ఆయనకూ పని. కాంక్రీటు పలకలు పోసి లారీలకెత్తే పెద్ద యార్డు అది. ముందు గేటు దగ్గర గదిలో కూర్చుని నేను హాజరు రాసేదాన్ని. మామయ్య క్రేన్ కింద నిలబడి చేతులతో సైగలు చేసేవాడు. ఎనిమిది అంతస్తుల ఎత్తున అద్దాల గదిలో కూర్చునే ఆపరేటరుకు కింది మాట వినపడదు. కింది మనిషి చూపుడు వేలు పైకెత్తి తిప్పితే బరువు ఎత్తాలి, అరచేత్తో కిందికి ఊపితే దించాలి, పిడికిలి బిగిస్తే ఉన్నచోటే ఆపాలి. నోటితో పనిలేని ఉద్యోగం కనక మామయ్యకు అతికినట్టు సరిపోయింది. యార్డులో ఆయన్ని అందరూ 'మూగాయన' అనేవారు. నాకు ఒళ్ళు మండేది కానీ, ఆయన పట్టించుకునేవాడు కాదు.

నా కిటికీలోంచి చూస్తే ఒక వింత కనిపించేది. మండుటెండలో క్రేన్ అద్దం మీద వైపరు ఊగేది. ఒక ఆదివారం మామయ్య గదికి వెళ్ళి, "పైనున్నాయనకి పిచ్చేమన్నా పట్టిందా?" అని అడిగాను. మామయ్య లేచి నిలబడ్డాడు. చేతులు ముందుకు చాచాడు. ఇక చూడండి! పొట్ట గీసి చూపించాడు, అది మా ఫోర్‌మన్. ఆ పొట్ట బురదలో ఎలా జారిందో, లేచి ఎవరైనా చూశారా అని ఎలా వెతుక్కుందో, ఎవరూ చూడలేదనుకుని ఎలా ఠీవిగా నడిచిందో అంతా చేతులతోనే చెప్పాడు. నేను కడుపు పట్టుకుని నవ్వాను. ఇలాంటివి కింది నుంచి చూపిస్తే, పైనున్నాయన వైపరు ఊపి నవ్వేవాడట.

ఆరేళ్ళుగా వాళ్ళిద్దరూ అలా మాట్లాడుకుంటున్నారు. బరువుకూ బరువుకూ మధ్య ఇంటి సంగతులు, పిల్లల జ్వరాలు, వాన వచ్చే సూచనలు అన్నీ సాగేవి. మామయ్యను పిలవాలంటే ఆపరేటరు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, వేళ్ళు పక్షి ముక్కులా టపటపా ఆడించేవాడట.

"న... నన్ను... వా... వాగుడుకాయ అంటాడు" అన్నాడు మామయ్య. ఆ మాట అనడానికి చాలాసేపు పట్టింది. ఆ మొహంలో అంత గర్వం నేను అంతకు ముందు చూడలేదు.

"మరి కిందికి దిగాక ఎప్పుడూ కలవలేదా?"

కలవలేదు. ఆపరేటర్లది వేరే కంపెనీ. వాళ్ళకు వెనక గేటూ, వేరే వ్యానూ, వేరే క్యాంటీనూ. అయినా కలవాలనుకుంటే అరఫర్లాంగు దూరం. టీకి రమ్మని ఆయన పైనుంచి ఎన్నోసార్లు పిలిచాడట. మామయ్యే ఏదో ఒక జోకు వేసి తప్పించుకునేవాడు. కలిస్తే నోరు విప్పాలి కదా. హెల్మెట్టూ, సిమెంటు దుమ్ముకు మొహానికి కట్టుకున్న గుడ్డా తప్ప పైనున్నాయన చూసినవి ఆ రెండు చేతులే.

తర్వాత వైర్‌లెస్ సెట్లు వచ్చాయి. క్రేనుకు కనపడని మూలల్లోనూ పని జరగాలట. ఇకమీదట సైగలు బంద్, అంతా సెట్లోనే అని కొత్తగా వచ్చిన సేఫ్టీ ఆఫీసరు ఆర్డరు వేశాడు. మొదటి రోజు పరీక్ష కొత్త షెడ్డు వెనక పెట్టారు. అక్కడికి పైనుంచి ఏమీ కనపడదు. మామయ్య చేతికి సెట్టు ఇచ్చారు. నేనూ వెళ్ళి నిలబడ్డాను. పలక గాలిలో వేలాడుతోంది. "దించు" అనాలి, అంతే.

"ది... ది... ది..."

సెట్లోంచి ఒక బొంగురు గొంతు వచ్చింది. "ఎవరయ్యా అది? సెట్టు పాడైందా? కొత్తవాళ్ళకి ఎందుకిస్తారు, మా వాడి చేతికివ్వండి. మా వాగుడుకాయ ఏడీ?"

చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. ఫోర్‌మన్ సెట్టు లాక్కున్నాడు. మర్నాటి నుంచి మామయ్యను స్టోర్సులో బోల్టులు లెక్కపెట్టే పనికి మార్చారు. పైనున్నాయనకు ఎవరూ ఏమీ చెప్పలేదు. అడిగితే "మార్చాం" అన్నారట, అంతే.

"వెళ్ళి కలువు మామయ్యా, నువ్వేనని చెప్పు" అని పోరు పెట్టాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"వా... వాడి లెక్కలో... నే... నేను మాటకారిని. అ... అలాగే ఉండనీ."

ఆ తర్వాతి నాలుగు నెలల్లో ఆయన ఎంత ఒంటరివాడైపోయాడో నాకు తెలుసు. సాయంత్రం వెళ్తే, రెండు చేతులూ మోకాళ్ళ మధ్య ఇరికించుకుని రేడియో ముందు కూర్చుని ఉండేవాడు. రేడియో పాడుతోందో లేదో కూడా చూసుకునేవాడు కాదు.

ఒక రోజు వెనక క్యాంటీన్ మూసేశారని ఆపరేటర్లను మా క్యాంటీనుకు పంపారు. నేనూ మామయ్యా టీ తాగుతున్నాం. ఎదురు కుర్చీ లాక్కుని ఒక బక్కాయన కూర్చున్నాడు. "హాజరు రాసే అమ్మాయివి నువ్వే కదమ్మా?" అన్నాడు. ఆ బొంగురు గొంతు విన్న మరుక్షణం మామయ్య చేతులు రెండూ బల్ల కిందికి పోయాయి.

"ఇవాళ్టితో నా పని ఆఖరు. రేపు క్రేన్ విప్పేస్తారు. రాత్రి బండికి పోతున్నాను, ఎక్కడ పడేస్తారో ఇంకా చెప్పలేదు. నా కింద ఒకాయన ఉండేవాడమ్మా, పచ్చ హెల్మెట్టు. ఆరేళ్ళు అంత ఎత్తున ఒక్కణ్ణే కూర్చున్నాను కానీ, ఒక్క రోజు కూడా ఒంటరిగా ఉన్నట్టు లేదు. పోయేముందు ఒక్కసారి కలుద్దామని. ఎక్కడుంటాడో నీకేమన్నా తెలుసా?"

మామయ్య నా వంక చూశాడు. చెప్పొద్దన్న చూపు అది. "రికార్డు చూడాలండీ" అని గొణిగాను.

ఆయన మామయ్య వైపు తిరిగాడు. "మీకేమన్నా తెలుసా అన్నా?"

"ఆ... ఆ... ఆ..."

అలవాటు ప్రకారం అతికించబోయాను. ఆపరేటరు నా వైపు చూడనైనా లేదు. మామయ్య మొహంలోకి చూస్తూ, తొందరేమీ లేనట్టు అలాగే కూర్చున్నాడు. మాట అందివ్వలేదు, తల ఊపలేదు, జాలిపడలేదు. టీ మీద మీగడ కట్టింది.

"ఆయన... నాకు తె... తెలుసు. చె... చెప్తాను."

"చెప్పండన్నా. చాలా అడిగానని చెప్పండి." ఆయన లేచి వెళ్ళిపోయాడు.

మామయ్య బల్ల కిందినుంచి చేతులు తీసి చూసుకున్నాడు. "పూ... పూర్తయ్యేదాకా ఆగాడే" అన్నాడు. కుర్చీ తన్నుకుని బయటికి పరిగెత్తాడు. నేనూ వెనకే పరిగెత్తాను.

ఆపరేటరు వ్యాను దాకా వెళ్ళిపోయాడు. వీపు మావైపు ఉంది. మామయ్య రెండు చేతులూ పైకెత్తి, యార్డంతటికీ కనిపించేలా వేళ్ళు టపటపా ఆడించాడు. అటు తిరిగిన మనిషికి ఏం కనపడుతుంది? వెనక్కి తిప్పాలంటే కేక వెయ్యాలి. మామయ్య నోరు తెరిచాడు.

"ఆ... ఆ... ఆ..."

నా గొంతు గురించి అందరూ ఎప్పుడూ చెప్పుకుంటారు, రెండు వీధుల అవతలికి వినిపిస్తుందని. కానీ నేను అరవలేదు. ఇందాక ఆపరేటరు ఆగినట్టు, జన్మలో మొదటిసారి నేనూ ఆగాను. ఈ మాట మామయ్యదే, ఆయనే పూర్తి చెయ్యాలనుకున్నాను. వ్యాను తలుపు పడింది. బండి గేటు దాటి మలుపు తిరిగింది.

"ఆగవయ్యా!" అన్నాడు మామయ్య, ఎక్కడా తెగకుండా.

తర్వాత చేతులు దించి నా వైపు చూశాడు. "నువ్వు పూర్తి చేస్తావని ఆగాను మామయ్యా" అన్నాను.

"ఇ... ఇవాళే ఆగాలా?" అన్నాడు. కోపంతో కాదు, నవ్వుతూనే అన్నాడు. నాకే ఏడుపు ఆగలేదు.