సంతకం పెట్టిన గేటు దాకా

సంతకం పెట్టింది యాదమ్మ కాదు, నేను. ఈ మాట మోయిజ్ భాయ్‌కు చెప్పాలని ఇరవై ఏండ్ల నుంచి అనుకుంటున్న. పంకా మోటార్లకు రాగితీగ చుట్టే మా ఫ్యాక్టరీలో ఆయన ఎర్రజెండా యూనియన్ కార్యదర్శి, యాదమ్మ నా పక్క మిషిన్ మనిషి. మమ్మల్ని కొన్న విదేశీ కంపెనీ, వాళ్ల దేశంలో మాంద్యం వచ్చిందని ఇక్కడ సగం మందిని తీసేస్తమన్నది. సమ్మె చేసినం. గేటుకు తాళం వేసిన్రు. ‘బుద్ధిగ ఉంటం, సంఘం జోలికి పోం’ అని బాండు రాసిస్తేనే లోపలికి రానిస్తమన్నరు. ఎవ్వరం రాయొద్దని జెండా కింద ఒట్టు పెట్టుకున్నం. అందరికన్న ముందు దొంగచాటుగ రాసిచ్చింది నేను. మా వరుస మిషిన్ల నుంచి ఎవరో రాసిచ్చిన్రని బయటపడ్డది, నింద మాత్రం యాదమ్మ మీద పడ్డది. నేను నోరు మూసుకున్న, సిగ్గులేని దాన్ని!

మొన్న మంగళవారం పదకొండింటికి మియాపూర్‌లో సంగారెడ్డి బస్సెక్కిన. ఆడోళ్లకు ఆధార్ చూపిస్తే జీరో టికెట్టు. పటాన్‌చెరు దాటి ఇస్నాపూర్‌లో దిగేసరికి గంట పైనే పట్టింది. ఒకప్పటి జొన్నచేన్ల జాగలో ఇప్పుడు మూడంతస్తుల కిరాయి రూములు, బాల్కనీల నిండా ఆరేసిన యూనిఫాములు. ఇరవై రూపాయల షేర్ ఆటో ఎక్కి ఫ్యాక్టరీ పేరు చెప్తే డ్రైవర్ నవ్విండు. “ఏ కాలంల ఉన్నవక్కా? ఆ ఫ్యాక్టరీ గోదాం అయ్యి ఎన్నేండ్లాయె!” గేటు మాత్రం అదే. షిఫ్టు దిగంగనే టిఫిన్ డబ్బాలతో నిలబడి గేటు మీటింగు వినేటోళ్లం. ఒకరి కూర ఒకరం రుచి చూసుకుంట, లీడర్లను ఎగతాళి చేసుకుంట. ఎంత ధైర్యంగ బతికినం! ఏడుపాగలేదు నాకు.

ఎదురుగ, ఫ్యాక్టరీ మూసినంక మోయిజ్ భాయ్ పెట్టుకున్న చాయ్ హోటల్. “అరె సువర్ణా! జెర కూసో బిడ్డా” అని చాయ్ పోసిండు. నేను మాట మొదలుపెట్టేలోపే పక్క కంపెనీ కాంట్రాక్టు కార్మికులు ఐదుగురు ఇంగ్లిష్ కాగితం పట్టుకొచ్చిన్రు. రెండింటి షిఫ్టుకు పోయేలోపు సంతకం పెట్టి ఇయ్యాల్నట. “నాకు కండ్లు ఆనయ్, గీమె సదువుతది” అన్నడు భాయ్.

సదివిన. ఆర్డర్లు తగ్గినయట, పన్నెండు గంటల డ్యూటీకి ఇష్టపడి ఒప్పుకుంటున్నరట, ఏ సంఘంలో చేరరట. “పెడ్తే నౌకరీ ఉంటదా దీదీ?” అని ఒడిశా నుంచి వచ్చిన సుశాంత్ హిందీలో అడిగిండు. ఇగ ఆగలేకపోయిన. వచ్చీరాని హిందీలో అన్న: “నేను గిసొంటి దాని మీదనే పెట్టిన. అందరికన్న ముందు పెట్టిన. ఆర్నెల్లకు మిషిన్లన్నీ లారీలెక్కినయ్. నౌకరీ పాయె.”

సుశాంత్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నడు. మోయిజ్ భాయ్ స్టవ్ బంద్ చేసిండు. “యాదమ్మ అనుకున్న. ఆమె మొగడు సచ్చిపోతే గూడ పోలే నేను” అన్నడు. గ్లాసులన్నీ కడిగి బోర్లిచ్చిండు. తర్వాత “రుద్రారంల ఉంటది. నాకు చెప్పినవ్, ఇగ ఆమెకు చెప్పు” అన్నడు.

ఆ సంఘం మళ్లీ వస్తదో రాదో నాకు తెల్వదు. కంపెనీ యాడికన్న పోతది, మనుషులం ఈడనే ఒకరికొకరం మిగులుతం. అట్ల మిగిలిన యాదమ్మను నేను ఇరవై ఏండ్లు దోషిని చేసి పెట్టిన. మీరు ఆడికి పోతే ఒంటిగంటన్నరకల్లా గేటు కాడ ఉండండి, షిఫ్టు మారే అరగంటనే మనుషులు దొరుకుతరు. రుద్రారానికి ఇస్నాపూర్ నుంచి సంగారెడ్డి బస్సే, ఆ సాయంత్రం నేనూ అదే ఎక్కిన. తలుపు తీసిన యాదమ్మ నన్ను చూసి, “అన్నం తిన్నవా?” అనడిగింది.