తొకుజిరో పట్టిన తేట నీళ్లు

మా వీధిలో భూమి కంపిస్తే, మనుషులకంటే ముందు తొకుజిరో ఇంటి బకెట్లు లేచి కొళాయి దగ్గర వరుస కడతాయని చెబితే నా మనవలు నమ్మరు. బకెట్ల సంగతి కొంచెం పెంచానేమో కానీ, ఇక చెప్పబోయేది కళ్లారా చూసినదే.

తొకుజిరో బతుకంతా తోఫు, అదే సోయా పాలు విరిచి చేసే తెల్లటి ముద్ద, చేసి అమ్మాడు. చిన్నప్పుడు పెద్ద భూకంపం వచ్చి కొళాయిలు ఎండిపోతే, వాళ్లమ్మ బావి నీళ్లు గుడ్డలో వడగట్టి, "తేటగానే ఉన్నాయిలే, తాగండి" అంది. చెల్లెలు తాగింది. వారం తిరక్కుండా చనిపోయింది. ఈ సంగతి నాతో ఒక్కసారే అన్నాడు.

దుకాణం మూసేశాక అతనికి ఒకటే ధ్యాస. భూకంపాలకని వీధి సామాన్లు దాచే కొట్టంలో నీళ్లు వడగట్టే పరికరం, వాటిని మరిగించడానికి పొయ్యి పెట్టించాలి. వీధి సంఘం ఏటా "చూద్దాం" అనేది. మా దగ్గర చూద్దామంటే వద్దని.

ఒక ఏడాది సెప్టెంబరులో జరిగే భూకంప కసరత్తులో తేల్చుకుందామని వచ్చాడు. ప్లాస్టిక్ సీసా అడుగు కోసి తలకిందులు చేసి, దూది, బొగ్గు, ఇసుక, గులకరాళ్లు కూరాడు. బకెట్లోని మసక నీళ్లు పోస్తే కింద తేటగా దిగాయి. గాజు గ్లాసులు తేవడం మరిచిపోయి, టీ కప్పుల్లో పట్టి, చూడమని అందరికీ అందించాడు.

అదే తప్పయింది. మావాళ్లు చేతిలో పెట్టిన కప్పును తాగకుండా దించరు. సంఘం పెద్ద యాసుయె కప్పు రెండు చేతులతో ఎత్తి, తలవంచి, తాగేసింది. ఆమె వెనకే అందరం.

తొకుజిరో ముఖం తోఫులా తెల్లబడింది.

"ఎంత తేటగా ఉన్నాయండీ. కాస్త నారింజ వాసన కూడా" అంది యాసుయె. "ఇక పొయ్యెందుకు? సీసాలు చాలు. సంఘం ఒప్పుకున్నట్టే."

ఊరుకుంటే సగమైనా దక్కేది. తొకుజిరో ఊరుకోలేదు.

"పెద్దమ్మగారూ, అవి రాత్రి మా స్నానాల తొట్టిలోవి. ఆ వాసన స్నానపు పొడిది. భూకంపం వస్తే అవసరానికని పారబోయకుండా ఉంచుతాం కదా, అవి. నేనూ, మా ఆవిడా, మా బావమరిదీ ఒకరి తరవాత ఒకరం మునిగినవి. చూడమని ఇచ్చాను. వడగడితే మురికి పోతుంది, రోగం పోదు. దానికి మరిగించాలి. ఆ తొట్టి నీళ్లయితే మరిగించినా తాగకూడదు."

నా కడుపులో ఆ ముగ్గురూ ఒకేసారి దిగినట్టయింది.

"బావమరిదంటే," అన్నాను మెల్లగా, "ఆ కాళ్ల పుండ్లాయనా?"

"ఆయనే. ఒళ్లు కడుక్కునే దిగుతాడు."

యాసుయె కప్పులోకి తొంగిచూసింది. "తేటగా ఉన్నాయి కదా అనుకున్నానయ్యా."

"మా అమ్మా అంతే అనుకుంది" అని తొకుజిరో క్షమించమన్నట్టు నేలకు తల ఆనించాడు.

ఆమె ఖాళీ కప్పు బోర్లించింది. "పరికరం కొందాం. పొయ్యి కూడా. పెద్దది" అంది చివరికి.

ఆ నీళ్ల వల్ల ఎవరికీ ఏమీ కాలేదు. అయినా ఇప్పటికీ మా వీధిలో ఎవరు కప్పు అందించినా, తలవంచే ముందు ఓసారి తొకుజిరో వైపు చూస్తాం.