ఆదివారం వార్తల మీద పచ్చ పట్టీ

మా ఇంటి ఓనరు నర్సింహమ్మ మనిషి ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం. బీరంగూడలో ఆవిడ ఇంటి వెనక పోర్షన్‌లో ఏళ్ల తరబడి అద్దెకున్నాం కాబట్టి నాకు బాగా తెలుసు. పాలవాడు నవ్వితే నీళ్లు కలిపాడని అనుమానం. నవ్వకపోతే నిన్న కలిపింది ఎక్కడ బయటపడుతుందోనని భయపడుతున్నాడని అనుమానం. మేము తుని నుంచి వచ్చినవాళ్లం, మా ఆయన త్రినాథరావు పక్కనున్న పెద్ద ప్లాంటులో ఫిట్టరు. సామాను దింపుతున్న రోజే నన్ను గుమ్మంలో నిలబెట్టి, "మీ ఆంధ్రోళ్లు గోడలకు మొలలు జాస్తి కొడ్తరంట, నిజమేనా?" అని అడిగింది. నాకు ఒళ్లు మండింది. అయినా ఆవిడ మీద ఎక్కువసేపు కోపంగా ఉండటం నా వల్ల అయ్యేది కాదు. దానికి కారణం కౌసల్య.

కౌసల్య ఆవిడ మనవరాలు, కొడుకు వెంకటేశం కూతురు. పుట్టుకతోనే చెవులు వినపడవు, అందుకని మాటలూ రాలేదు. వెంకటేశం పటాన్‌చెరులో ఇనుప ఫ్యాక్టరీలో పని, కోడలు నాగరత్నం మందుల కంపెనీలో సీసాలు ప్యాకింగ్ చేసేది. ఇద్దరూ పొద్దున్నే వెళ్లిపోతే పిల్లను పెంచిందంతా నాయనమ్మే. నాయనమ్మకూ మనవరాలికీ సొంతంగా ఒక సైగల భాష ఉండేది. నెత్తి మీద హెల్మెట్ ఉన్నట్టు తట్టుకుంటే వెంకటేశం. సీసా మూత బిగించినట్టు వేళ్లు తిప్పితే నాగరత్నం. ముంజేతి మీది పచ్చబొట్టు రుద్దితే నర్సింహమ్మ. మా ఆయనకు పొట్ట ముందు చెయ్యి గుండ్రంగా తిప్పేవాళ్లు, అది న్యాయమే. ఇక వేళ్లు నాకి, కారానికి నాలుక బయటపెట్టి ఉస్సుమంటే అది నేనట! ఆవకాయ తినే మనిషినని. ఆ సైగ ఎవరు కనిపెట్టారో నాకు తెలియక కాదు, పోనీలే పెద్దావిడ అని ఊరుకున్నాను.

పిల్లకు కడుపునొప్పి వచ్చినా, పాడు కల వచ్చినా ఆ చేతులు చూసి మిగతా లోకానికి చెప్పేది నర్సింహమ్మ ఒక్కతే. కన్నతల్లి కూడా "ఏమంటున్నదత్తా?" అని అడగాల్సిందే. అప్పుడు ముసలావిడ వెంటనే చెప్పేది కాదు. కొంగు సర్దుకుని, ఒక క్షణం ఆగి, అప్పుడు చెప్పేది. ఆ ఆగడంలో ఎంత గర్వం ఉండేదో!

రెండువేల సంవత్సరం ఎండాకాలంలో గొడవ మొదలైంది. అప్పట్లో దూరదర్శన్‌లో ఆదివారం మధ్యాహ్నం వినపడనివాళ్ల కోసం వార్తలు వచ్చేవి. ఒక పక్క వార్తలు చదువుతుంటే ఇంకో పక్క ఒకావిడ వాటినే చేతులతో చెప్పేది. మేమంతా ఆ టైమ్‌లో చానల్ మార్చేసేవాళ్లం. ఒక ఆదివారం రిమోట్ ఎవరి చేతిలోనూ లేక అది కౌసల్య కంటపడింది. అంతే, టీవీకి అతుక్కుపోయింది. ఆ వారమంతా అద్దం ముందు నిలబడి ఆవిడలాగే చేతులు తిప్పుతూ, తనను తానే చూసి మురిసిపోయేది. వెంకటేశం అది గమనించాడు. ఎవరెవరినో అడిగి, ఇలాంటి పిల్లలకు హైదరాబాద్‌లో బడి ఉందనీ, హాస్టల్ కూడా అక్కడేననీ కనుక్కొచ్చాడు. ఎనిమిదేళ్లొచ్చాయి, ఇంకా ఇంట్లో కూర్చోబెడితే లాభం లేదు, జూన్‌లో చేర్చేస్తానన్నాడు.

నర్సింహమ్మ అన్నం ముందు నుంచి లేచిపోయింది.

"నా బిడ్డను హాస్టల్ల పడేస్తవా? కడుపు నొస్తుందంటే ఆడ ఎవనికి సమజైతదిరా? దాని మాట నాకు తప్ప ఎవనికెర్క?"

"అందుకే గదమ్మా. నీకు తప్ప ఎవ్వరికి తెల్వకపాయె. రేపు నువ్వు లేకుంటే దాని గతేంది?" అన్నాడు వెంకటేశం.

"అంటే నేనెప్పుడు సస్తనా అని సూస్తున్నవన్నట్టు!"

వెంకటేశం చెయ్యి కడుక్కుని వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం ఆవిడ మా గుమ్మంలో చతికిలబడి నాతో గుసగుసగా మొదలుపెట్టింది.

"హైమావతమ్మా, టీవీల ఆ ఆడామె చేతులు సూసినవా? అవి వార్తలు గావు. బాణామతి! నోరు మెదపకుండ గాలిల గీతలు గీస్తున్నది. ఆమెను సూసిన కాడికెళ్లి పోరి నా మాట ఇంటలేదు. ఆమె, ఆ బడోళ్లు అంత ఒక్క ముఠా. టీవీల సూపిచ్చి పిల్లలను గుంజుకపోతరు."

"గవర్నమెంటు టీవీలో బాణామతి ఎక్కడుంది మామ్మగారూ!" అని నవ్వాను.

నవ్వడం నా తప్పయింది. ఆ ముఠాలో నన్ను కూడా కలిపేసినట్టు చూసి వెళ్లిపోయింది.

ఇక్కడ లింగం సంగతి చెప్పాలి. నర్సింహమ్మ తమ్ముడి కొడుకు. ఆ ఇంటి డాబా మీద గదిలో కేబుల్ నడుపుతూ నాలుగు వీధులకు వైర్లు లాగాడు. వాడి ప్రకటన పట్టీలంటే మాకందరికీ మొదటి నుంచీ మంటే. చీరల దుకాణం, ట్యూషన్ సెంటరు, ఎవరి బాబుదో పుట్టినరోజు, అన్నీ తెర అడుగున పాకుతూనే ఉండేవి. క్రికెట్ వస్తే స్కోరు మీద సరిగ్గా రక్తపరీక్షల పట్టీ పడేది. మా ఆయన కుర్చీలోంచి లేచి, "వీడు పందేలు కాస్తున్నాడే! అందుకే స్కోరు దాస్తున్నాడు!" అని అరిచేవారు. అయినా ఆ పట్టీలు అడుగునే ఉండేవి, ఎప్పుడూ మనిషి మీదికి ఎక్కలేదు.

మే నెలలో ఒక ఆదివారం ఎక్కింది. చీరల దుకాణం వాళ్ల పచ్చ పట్టీ, ఇంత మందాన, తెర మధ్యకు వచ్చి నిలబడింది. పైన ఆవిడ ముఖం కనపడుతోంది, చేతులు మాత్రం పట్టీ వెనక. కౌసల్య మొదట తల వంచి పట్టీ కింద నుంచి చూసిందట. తర్వాత టీవీ వెనక్కి వెళ్లి చూసిందట. చివరికి మా ఇంట్లోకి పరుగెత్తుకొచ్చింది. మా టీవీలోనూ అదే పట్టీ. పిల్ల నా పమిట చెంగు లాగి తన రెండు చేతుల మీద కప్పుకుంది. కప్పుకుని, కనుబొమలెగరేసి నా ముఖంలోకి చూసింది. ఆవిడ చేతుల్ని ఎవరు కప్పేశారని అడుగుతోందని అర్థం కావడానికి నాకు కాస్త సమయం పట్టింది.

వార్తలు అయిపోయాయి. పట్టీ బుద్ధిగా అడుగుకు దిగిపోయింది. మరుసటి ఆదివారమూ అంతే. అప్పుడు నాకు అనుమానం పట్టుకుంది. ఇందులో ఏదో మతలబు లేకపోతే, వారమంతా అడుగున పాకే పట్టీ ఆ కాసేపే ఎందుకు లేస్తుంది? వడియాలు ఎండబెట్టే వంకతో డాబా ఎక్కి లింగాన్ని నిలదీశాను.

"టెక్నికల్ ప్రాబ్లం అక్కా," అన్నాడు వాడు, తేలు కుట్టిన దొంగలా.

"ఏం ప్రాబ్లం నాయనా అది? శనివారం ఉపవాసాల్లాగా ఆదివారం మాత్రమే వస్తుందా?"

"నన్ను పరేషాన్ జెయ్యకక్కా. అత్త పెట్టమన్నది, పెట్టిన. ఈ గది ఆమెది. ఎదురు మాట్లాడితే డిష్షులు నెత్తిన వెట్టుకోని పోవాలె నేను."

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను మాత్రం మెట్లు దిగి నేరుగా ఆవిడ దగ్గరికే వెళ్లాను. ఆవిడ చేటలో బియ్యం చెరుగుతోంది. నేనింకా నోరు తెరవనేలేదు.

"ఆ పట్టీ సంగతి నాకేం తెల్వదు," అంది.

గుమ్మడికాయ దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టుంది ఆ మాట. "నేను పట్టీ గురించి అడిగానా మామ్మగారూ?" అన్నాను.

చేట కింద పెట్టింది. "అవు, పెట్టిచ్చిన. ఏం జేస్తవు? పోయి నా కొడుకుకు జెప్తవా? జెప్పుపో!" అని గయ్యిమంది. అంతలోనే గొంతు తగ్గిపోయింది. "ఎనిమిదేండ్ల సంది దాని మాట ఒక్కటి నాకు సమజ్ కాకుండ పోలే. ఇప్పుడు అద్దం ముంగట నిలవడి ఏమేమో అంటది, నాకు తెల్వది. నా ఇంట్లనే, నా ముంగటనే! నన్నే తిడ్తున్నదేమో, ఎవరికెర్క?"

పిల్ల తిట్టడం ఏమిటని అందామనుకున్నాను. పిల్ల ఉసురు పోసుకోకండని మాత్రం చెప్పి వచ్చేశాను. దానికి జవాబుగా ఆవిడ గట్టిగా చెరగసాగింది.

ఆ తర్వాతి ఆదివారం మళ్లీ పట్టీ లేచిందో లేదో, ఎవడో కుర్రాడు సైకిల్ గేటుకు ఆనించి ధడధడా డాబా ఎక్కేశాడు. పాతికేళ్లుంటాయి, ఎడమ కనుబొమ మీద గాటు. పైన లింగంతో ఏదో గొడవ. మాటలు లేవు, గొంతులోంచి ముక్కలు ముక్కలుగా అరుపులు మాత్రం వస్తున్నాయి. లింగం అతన్ని రెక్క పట్టుకుని మెట్ల మీదుగా కిందికి తెచ్చాడు.

"పట్టపగలే తాగొచ్చిండు అత్తా!"

"తాగుడు గాదు, దొంగ సచ్చినోడు! ఇండ్లు సూస్కోనీకొచ్చిండు. తాళమెయ్, తలుపులకు తాళమెయ్!" అని నర్సింహమ్మ చీపురు అందుకుంది.

ఆ కుర్రాడు రెండు చెవుల మీదా కొట్టుకుని, లోపలి టీవీ వైపు వేలు చూపించి, ఛాతీకి అడ్డంగా అరచెయ్యి గీశాడు. పట్టీ! నాకు తట్టేలోపే కౌసల్య మా మధ్యలోంచి దూసుకెళ్లి అతని ముందు నిలబడింది. తనూ ఛాతీకి అడ్డంగా చెయ్యి గీసి, కోపంగా దాన్ని పీకి పారేసినట్టు చేసింది. కుర్రాడి అరుపు ఆగిపోయింది. మోకాళ్ల మీద కూర్చుని మెల్లగా చేతులతో ఏదో అడిగాడు. పిల్ల ఏదో చెప్పింది. టీవీలో నేర్చుకున్నవి కొన్ని, ఇంట్లోవి కొన్ని, అప్పటికప్పుడు పుట్టించినవి కొన్ని. అతను సగం అర్థం చేసుకుని తలూపుతున్నాడు, మిగతా సగం మళ్లీ అడుగుతున్నాడు. ఆ మండుటెండలో కాళ్లు కాలుతున్నాయన్న ధ్యాసే ఇద్దరికీ లేదు. కౌసల్య పకపకా నవ్వింది. అన్నేళ్లు ఒకే ఇంట్లో ఉండి నేను ఎన్నడూ వినని నవ్వు అది.

నర్సింహమ్మ చీపురు పట్టుకుని ఒకసారి వాడి చేతులకేసి, ఒకసారి పిల్ల చేతులకేసి చూస్తోంది. "ఏమంటుండు? నా గురించేనా? ఏమంటుండే?" ఎవరు చెబుతారు? చివరికి పిల్ల భుజం తట్టి, ఏమిటని సైగ చేసి అడిగింది. ఆ ఇంట్లో అందరూ ఆవిడను అడిగే మాట ఆవిడ అడగడం నేను చూడటం అదే మొదటిసారి. కౌసల్య పెద్దరికంగా ఇంటి సైగల్లో చెప్పింది: అతను లేతు మిషను తిప్పుతాడు, అతనికీ వినపడదు, అతనూ ఆదివారం కోసం చూస్తుంటాడు.

ఇంతలో కుర్రాడు తన కనుబొమ మీది గాటు తాకి, తనవైపు చూపించుకున్నాడు. అది అతని పేరు. తర్వాత పిల్లవైపు వేలు చూపించి కళ్లెగరేశాడు. మరి నీ పేరు?

కౌసల్య చెయ్యి ఎత్తింది. ఎత్తి ఆగిపోయింది. నాయనమ్మ వైపు తిరిగి నెత్తి మీద తట్టుకుంది, నాన్న. సీసా మూత తిప్పింది, అమ్మ. ముసలావిడ ముంజేతి మీది పచ్చబొట్టు రుద్దింది, నాయనమ్మ. నావైపు తిరిగి వేళ్లు నాకి చూపించింది. అప్పుడు తన గుండె మీద చెయ్యి వేసుకుని, రెండు ఖాళీ చేతులూ చాపి నాయనమ్మ ముందు పట్టింది.

నర్సింహమ్మ ఎప్పట్లాగే దాని తల మీద చెయ్యి వేసింది. పిల్ల ఆ చెయ్యి తీసేసింది. అది కాదని తల అడ్డంగా ఊపి, మళ్లీ చేతులు చాపింది. ముసలావిడ కుడిచెయ్యి గాలిలోకి లేచింది. వేళ్లు ముడిచింది, విప్పింది. ఏం చూపించాలో తెలియలేదు.

"తియ్ రా లింగం, ఆ పట్టీ," అంది మెట్ల మీద కూలబడుతూ.

కుర్రాడి పేరు యాదగిరి అనీ, కర్దనూరువాడనీ, పని కోసం ఇక్కడ కిరాయికుంటున్నాడనీ తర్వాత లింగం కనుక్కున్నాడు. ఆ పూట మిగిలిన కాస్త వార్తలూ వాళ్లిద్దరూ నర్సింహమ్మ ఇంట్లోనే చూశారు. ఆవిడ అతనికి మంచినీళ్లు ఇచ్చింది. ఇచ్చి, చెంబు ఎత్తుకుపోతాడేమోనని తాగేదాకా పక్కనే నిలబడింది.

సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి వెంకటేశం గేటు తీయగానే నర్సింహమ్మ, "బడి ఎప్పుడు తెరుస్తరు?" అని అడిగింది. "నేను గూడ వస్త. అన్నం ఎవరు వండుతరో, ఆళ్ల మొకాలు ఎట్లుంటయో నా కండ్లతోని సూడాలె."

వెంకటేశం నావైపు చూశాడు. "పొద్దున్నే ఒద్దంటివి. ఏమైందమ్మా?" అన్నాడు.

"ఏం కాలే." కొంగు సర్దుకుంది, ఆగింది. "అదెప్పుడు నా పక్కనే ఉండె కొడుకా. ముట్టుకుంటే సరిపాయె. పక్కన ఉన్నదాన్ని పేరు వెట్టి ఎవరు పిలుస్తరు? ఇయాల ఎవడో పేరడిగితే నా దిక్కు సూసింది. నా చేతుల ఏం లేకపాయె. ఆ బడోళ్లన్న పెడ్తరేమో, తోల్కపో."