ముందే నొక్కిన జవాబులు

ఆ డబ్బా మీద నాకు ఇప్పటికీ కోపమే. అరచేతి కంటే కాస్త పెద్దది, బూడిద రంగుది. పక్కన గుచ్చి ఉన్న ప్లాస్టిక్ పుల్ల తీసి తెర మీద నొక్కాలి. జనగామలో మూడు రోజులు శిక్షణ ఇచ్చి, దాన్ని చేతిలో పెట్టి, ఇంటింటికీ తిరిగి కుటుంబాల వివరాలు ఎక్కించుకు రమ్మని పంపారు. చేతిలో పట్టుకు తిరిగే కంప్యూటర్ అని శిక్షణ ఇచ్చినాయన గొప్పగా చెప్పాడు. ఆయనకేం, ఆయన గదికి జనరేటర్ ఉంది.

అప్పుడు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి అన్నీ ఒకే జిల్లా. తెలంగాణ కోసం అందరూ సమ్మెకు దిగిన రోజులు. బడులు మూతబడ్డాయి, బస్సులు డిపో దాటడం లేదు. భూపాలపల్లి వైపు బొగ్గు తవ్వేవాళ్లు కూడా పని ఆపేశారు. బొగ్గు లేక కరెంటు కోతలు పెరిగాయి, కరెంటు లేక నా డబ్బా మూలనపడింది. మాది లింగాల ఘనపూర్ పక్క ఊరు. రాష్ట్రం రావాలని నాకూ ఉండేది, ర్యాలీల్లో గొంతు పోయేలా అరిచినదాన్నే. కానీ చార్జర్ పట్టుకుని ఊరి గోడల వెంట ప్లగ్గు కోసం వెతికేటప్పుడు మాత్రం ఎవరి మీద కసురుకోవాలో తెలిసేది కాదు.

మహబూబాబాద్ వైపు గూడూరులో ఒక గది తీసుకుని అడవి అంచు తండాలకు తిరగడం మొదలుపెట్టాను. మొదటి రోజే రోడ్డు మీద టైర్లు కాలుస్తున్న కుర్రాళ్లు నేనెక్కిన ఆటో ఆపారు.

"అందరు సమ్మెల ఉంటే నువ్వేందక్కా పనికి పోతున్నవ్?"

"సమ్మె చేద్దామంటే నాకు నౌకరేడున్నది తమ్మీ? రెండు నెలల కాంట్రాక్టు. ఇది చేస్తేనే భూపాలపల్లి దిక్కు మళ్లొక పని ఇస్తరు."

వాళ్లు డబ్బాను అటూ ఇటూ తిప్పి చూసి, జై తెలంగాణ అనిపించుకుని పంపించారు.

ఇక ఆ డబ్బాతో నా కాపురం ఎలా సాగిందో చెప్పాలి. అందులో వేగం మార్చుకునే చోటు ఒకటి ఉంది. ఎక్కువ, మధ్యస్థం, తక్కువ. ఎక్కువలో పెడితే నొక్కగానే పలికేది. కానీ పొద్దున ఏడింటికి మొదలుపెడితే పదకొండు కాకముందే బ్యాటరీ గుర్తు ఎర్రబడేది. తక్కువలో పెడితే సాయంత్రం దాకా లాగేది. అయితే ఒక్కో ప్రశ్న రావడానికి ఎంత సేపు తీసుకునేదంటే, ఎదుటి మనిషి లేచి వెళ్లి పొయ్యి కింద కట్టె ఎగదోసి తిరిగి వచ్చి కూర్చున్నా తెర మీద అదే ప్రశ్న ఉండేది. తండావాళ్లకు అది పత్తి ఏరే కాలం. పొద్దున్నే కూలికి పోయే వాళ్లను గడప దగ్గర ఆపి, కాసేపు ఆగండి, తిరుగుతోంది, తిరుగుతోంది అని బతిమాలుకోవడం. వాళ్లు నెత్తిన చద్ది మూట పెట్టుకుని నా తెర వంక చూస్తూ నిలబడేవారు. నాకు తల కొట్టేసినట్టుండేది.

పైగా అసలు సంగతి వారం తర్వాత గానీ బుర్రకెక్కలేదు. వేగం తగ్గిస్తే ఒక్కో ఇంటికి ఎక్కువ సేపు పడుతుంది, అంతసేపూ తెర వెలుగుతూనే ఉంటుంది, ఆ వెలుగు మళ్లీ బ్యాటరీని తింటుంది. అంత చచ్చీ చెడీ పొదుపు చేస్తే రోజుకు ఒక ఇల్లో, రెండిళ్లో ఎక్కువయ్యేవి. తెర వెలుగు తగ్గించి చూశాను. ఎండలో ఏమీ కనబడక చున్నీ తల మీదుగా డబ్బా మీద కప్పుకుని, అందులో తల దూర్చి ప్రశ్నలు అడిగేదాన్ని. పిల్లలు వంగి చున్నీ కిందకు తొంగి చూసేవారు. ఇంటికీ ఇంటికీ మధ్య ఆర్పి చూశాను. మళ్లీ వెలిగించడానికి అది చేసే హడావుడికే సగం ఖర్చయ్యేది. ఎటు తిప్పినా నష్టమే. పోనీ ఫారం సగంలో ఆగిపోతే అప్పటిదాకా ఎక్కించిందైనా మిగులుతుందా అంటే, అదీ లేదు. చివరన "దాచు" నొక్కితేనే ఆ ఇల్లు ఎక్కినట్టు.

చివరికి నాకొక ఉపాయం తోచింది. ప్రశ్నల వరస నాకు కంఠతా వచ్చేసింది. డబ్బా నెమ్మదిదే గానీ మతిమరుపుది కాదు. మనం నొక్కినవన్నీ గుర్తుపెట్టుకుని, తీరిక దొరికినప్పుడు ఒక్కొక్కటే ఎక్కించుకునేది. అందుకని ముందు నోటితో గబగబా అన్నీ అడిగేసి, మనుషులను పంపించేసి, తెర మీద ఏ ప్రశ్న ఉందో కూడా చూడకుండా జవాబులు వరసగా నొక్కుకుంటూ పోయేదాన్ని. అవును, లేదు, లేదు, అవును, లేదు. అది నాలుగో ప్రశ్న దగ్గర తచ్చాడుతుంటే నేను తొమ్మిదోది ముగించేదాన్ని. డబ్బాను ఓడించానని ఎంత మురిసిపోయానో. రోజుకు అయిదిళ్లు ఎక్కువ చేశాను.

అలా తిరిగిన ఒక తండాలో ఒక అవ్వ ఉండేది. వయసు అరవై దాకా ఉంటుందేమో, ఆమెకే తెలియదు. భర్త పై రాష్ట్రానికి కూలికి పోయి అక్కడే చనిపోయాడు. అక్కడే కాల్చేశారు. చనిపోయినట్టు కాగితం తేవాలన్న సంగతి ఎవరికి తడుతుంది? వితంతు పింఛను కోసం ఆమె మండలాఫీసు చుట్టూ ఏళ్ల తరబడి తిరిగింది. ఈసారి ఈ సర్వే జాబితాలో వేరే కుటుంబంగా, భర్త లేని మనిషిగా పేరు పడితే కాగితం లేకున్నా ఇస్తామని ఎవరో చెప్పారట. అందుకే నేను తండాలో అడుగుపెట్టిన రోజు నుంచి ఆమె నా వెనకే తిరిగింది.

"బిడ్డా, నా పేరు పడాలె. గింతే. మల్ల జన్మల నిన్నేం అడగ."

డబ్బా ఆరిపోయినప్పుడల్లా నాకంటే ఎక్కువ ఆమే కంగారుపడేది. సమ్మెలో తాళం పడ్డ బడి వరండాలో ఒక్క ప్లగ్గు పనిచేసేది. కరెంటు పగలు ఎప్పుడో వచ్చి ఎప్పుడో పోయేది. మనిషి కనిపెట్టుకుని ఉండకపోతే ఎవరో ఒకరు నా చార్జర్ పీకి తమ సెల్‌ఫోన్ పెట్టుకునేవారు. ఆమె రెండు రోజులు పత్తి ఏరడం మానుకుని ఆ ప్లగ్గు కింద కూర్చుంది. ఎవరైనా దగ్గరికొస్తే వాళ్ల భాషలో గట్టిగా తరిమేది. రెండో రోజు నేను పక్క తండా నుంచి తిరిగొచ్చేసరికి డబ్బాను ఒళ్లో పెట్టుకుని, ఎండ తగలకుండా కొంగు కప్పి ఉంది.

"పరేషాన్ గాకు. పచ్చ గీత సగందాక వచ్చింది" అంది.

ఆ సాయంత్రమే ఆమె ఇంటి వంతు వచ్చింది. అప్పటికి మరి కొన్ని ఇళ్లు చేసి, పచ్చగీతను మళ్లీ ఎర్రగీత దాకా తెచ్చాను. తండాలో ఇంటి పెద్ద ఎవరంటే ఏ ఇంట్లోనైనా మగవాళ్ల పేరే చెప్పేవారు. ఊళ్లో లేకున్నా, పదేళ్ల కొడుకైనా సరే, మగపేరే. ఆ పదిహేను రోజుల్లో ఒక్క ఆడమనిషి తన పేరు చెప్పలేదు. ఈమె మాత్రం నేను అడగకముందే, "ఇంటి పెద్దను నేనే. గట్లనే రాయి" అంది. నేను నవ్వి, స్త్రీ అని నొక్కి, అన్నీ నోటితో అడిగి, అలవాటు ప్రకారం జవాబులు వరసగా నొక్కేశాను. సొంత ఇల్లు, అవును. భూమి, లేదు. కరెంటు, లేదు. అలా చివరి దాకా.

అంతా అయ్యాక తెర మీద ఇంకో ప్రశ్న మిగిలి ఉంది. ఏదో ఒకటి సరిగ్గా తగల్లేదు కాబోలు అనుకుని ఇంకోసారి లేదు నొక్కాను. బ్యాటరీ గుర్తు కొట్టుకుంటోంది. అది ఆరిపోయేలోపు "దాచు" నొక్కగలిగాను. ఆమె నా భుజం మీద చెయ్యి వేసి, "పడ్డదా?" అని అడిగింది. పడిందవ్వా అన్నాను. నాకు నిజంగా సంతోషం వేసింది.

సమ్మె ముగిసిన కొన్ని వారాలకు, ఆ బడి వరండాలోనే జాబితా చదివి అభ్యంతరాలు తీసుకోవడానికి మండలాఫీసు నుంచి ఒక అధికారి వచ్చాడు. సర్వే చేసినవాళ్లూ ఉండాలంటే నేనూ వెళ్లాను. ఆమె పేరు వచ్చింది. కుటుంబ పెద్ద, స్త్రీ. భర్త ఉన్నాడా, అవును. జనం గొల్లున నవ్వారు. ఆమెకు ముందు అర్థం కాలేదు. పక్కావిడ చెవిలో చెప్పాక లేచి నిలబడింది.

"మా ఆయన ఉన్నడా? ఏడున్నడో జర చెప్పు సారూ, పోయి తోల్కొస్త."

మళ్లీ నవ్వులు. ఆమె నవ్వలేదు. నాకు అప్పుడు వెలిగింది. జనగామ శిక్షణలో చెప్పారు, ఇంటి పెద్ద స్త్రీ అయితే ఒక ప్రశ్న అదనంగా వస్తుందని. భర్త ఉన్నాడా అన్నదే ఆ ప్రశ్న. సొంత ఇంటికని నేను నొక్కిన అవును దానికి పోయి తగిలింది. అక్కణ్ణించి ప్రతి జవాబూ దాని ముందున్న ప్రశ్నకు పోయి పడింది. చివర మిగిలిన ఆ ప్రశ్న దగ్గరైనా ఆగి ఒకసారి వెనక్కి తిప్పి చూసుకుంటే తెలిసిపోయేది.

అధికారి నా వైపు తిరిగాడు. "ఇది మీరు తప్పు నొక్కిందా, మిషన్ లోపమా? మీరు నొక్కిందైతే ఇక్కడే సంతకం పెట్టండి, దిద్దేస్తాను. మిషన్ లోపమైతే కాగితం రాసి హైదరాబాద్ పంపాలి."

తప్పు చేసినవాళ్లకు భూపాలపల్లి పని ఇవ్వరని అప్పటికే మా అందరికీ చెప్పారు. నేను ఆలోచించింది ఎంతో సేపు కాదు.

"మిషన్ బాగా స్లో సార్. నొక్కింది ఒకటి, పడేది ఒకటి."

అది అబద్ధమని ఎవరూ అనలేరు. అయినా ఆయన నమ్మినట్టు లేదు, కళ్లద్దాలు తీసి నన్నే చూస్తున్నాడు. అప్పుడు ఆమె ముందుకు వచ్చి నాకూ ఆయనకూ మధ్య నిలబడింది.

"ఆ పిల్ల తప్పేం లేదు సారూ. నేను చూసిన గద. ఆ డబ్బతోటి ఎంత గోస పడ్డదో నాకెర్క. డబ్బనే మంచిది కాదు. గదే రాయుండ్రి."

ఆయన అదే రాశాడు. నేను కింద సాక్షి సంతకం పెట్టాను.

హైదరాబాద్ పోయిన ఆ కాగితం తిరిగి రాలేదు. భూపాలపల్లిలో నాకు పని ఇచ్చారు, కొత్త మిషన్ కూడా ఇచ్చారు. నొక్కగానే పలికేది, ఒకసారి చార్జి చేస్తే రెండు రోజులు వచ్చేది. అక్కడ పనిచేసిన రెండు నెలలూ దాని మీద కోపం తెచ్చుకోవడానికి నాకు ఒక్క సాకూ దొరకలేదు.