కడగని కాసు

నేను పాత బంగారు కాసులు సేకరిస్తానంటే బందరులో అందరూ ముందు నా మెడ వంక చూస్తారు. అక్కడ సన్నటి గొలుసు తప్ప ఏమీ ఉండదు. కాసులు మెడలో వేసుకునే పిచ్చి నాకు లేదు. నా పిచ్చి వేరు.

నాకు కావలసింది తళతళలాడే కాసు కాదు, రంగు తిరిగిన కాసు. మేలిమి బంగారం రంగు మారదు గానీ, బ్రిటిషు కాలం నాటి రాణి బొమ్మ కాసుల్లో కాస్త రాగి కలిసి ఉంటుంది. ఎవరూ తోమకుండా ఏళ్ళ తరబడి పెట్టెలో పడి ఉంటే ఆ రాగికి గాలి సోకి అంచుల్లో ఎరుపు, మధ్యలో నేరేడు చాయ దిగుతాయి. మందులు పూసి ఆ రంగు తెప్పించేవాళ్ళూ ఉన్నారు. జుట్టుకు వేసిన రంగులాగా అది చూడగానే తెలిసిపోతుంది. దానంతటది రంగు తిరిగిన కాసు ఒక్కటైనా సంపాదించాలని పదిహేనేళ్ళు తిరిగాను.

దొరకలేదు. మా వైపు వాళ్ళ మర్యాద అలాంటిది. ఇంటికొచ్చిన మనిషికి మాసిన బంగారం చూపించరు. గుడివాడలో ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు గారింట్లో అలాంటి కాసు ఉందని తెలిసి, ఫోటో తెప్పించుకుని మురిసిపోయి, ఆదివారం పరుగున వెళ్ళాను. ఆయన భార్య దాన్ని వెండి పళ్ళెంలో పెట్టి తెచ్చారు.

“మీరొస్తున్నారని పొద్దున్నే చింతపండు పెట్టి తోమి, కుంకుడు రసంతో కడిగానండీ. ఎలా మెరుస్తోందో చూడండి!”

నిన్న పోత పోసినట్టుంది. అంత ప్రేమగా చేసిన మనిషిని ఏమంటాం? కాఫీ తాగి, చాలా బాగుందండీ అని అబద్ధమాడి, బస్టాండుకొచ్చి ఏడ్చాను.

పోయినేడాది నా పాత విద్యార్థిని ఫోన్ చేసింది. దివిసీమలో సముద్రం దగ్గరి వాళ్ళ ఊళ్ళో, ఎండుచేపల వ్యాపారం చేసే ఒక మామ్మగారి దగ్గర అలాంటి కాసుందట. ఇంట్లోవాళ్ళు దాన్ని ‘మసి కాసు’ అంటారట. కడగొద్దని చెప్పమని మూడుసార్లు అరిచి, బదులుగా ఇవ్వడానికి అంతే బరువున్న కొత్త కాసు పర్సులో పెట్టుకుని మర్నాడు తొలి బస్సెక్కాను. మోపిదేవిలో దిగి ఆటో ఎక్కిన దగ్గర్నుంచీ డ్రైవర్ని తొందరపెడుతూనే ఉన్నాను.

వెళ్ళేసరికి మామ్మగారి కోడలు కుళాయి దగ్గర కూర్చుని ఉంది. ఒళ్ళో చింతపండు గిన్నె, చేతిలో కాసు.

“ఆగమ్మా! తోమకు!”

క్లాసులో కూడా ఎప్పుడూ అంత గొంతెత్తలేదు. కోడలు హడలిపోయింది. చేపలు ఏరుతున్న మామ్మగారు లేచి వచ్చారు.

“ఎవరండీ మీరు? మా ఇంటికొచ్చి మా కోడలి మీద కేకలేత్తారేంటి?”

“కాసు చూడ్డానికొస్తానన్న టీచర్నండీ మామ్మగారూ. కడగొద్దని చెప్పించాను కదండీ.”

“ఆ పిల్ల చెప్పిందండీ. అయినా మాసిందాన్ని మీ చేతిలో ఎట్టా పెడతామండీ? నేనే తోమమన్నా.” కోడలి వైపు తిరిగి, “ఆ చింతపండు పులుసులో పోసెయ్యవే,” అన్నారు.

కాసుని ఎండలోకి తెచ్చి చూశాను. రాణి బుగ్గ మీద నేరేడు రంగు, అంచు చుట్టూ ఎరుపు. ఇన్నేళ్ళూ ఎందుకు తోమలేదని అడిగాను.

“నా చిన్నప్పుడు మెరుగు పెడతామని ఇద్దరొచ్చారండీ. మా అమ్మ గొలుసు ఏదో నీళ్ళలో ముంచి సగం కరిగించుకుపోయారు. అప్పట్నుంచి మా అమ్మ దీని మీద ఎవర్నీ చెయ్యెయ్యనివ్వలా. నేనూ అంతే. పెళ్ళిళ్ళలో అందరూ కాసులు చూపించుకుంటంటే నాకు లేదని చెప్పేదాన్ని, సిగ్గేసి.”

నేను ఆగలేకపోయాను. ఈ రంగు ఏ కంసాలీ వెయ్యలేడనీ, మీ అమ్మగారి పట్టుదల వల్లే వచ్చిందనీ, ఇలాంటిది నేనింతవరకూ చూడలేదనీ గడగడా చెప్పేశాను. తర్వాత కొత్త కాసు తీసి చూపించాను. కోడలి మొహం వెలిగిపోయింది. మామ్మగారు మాత్రం దాని వంక చూడనేలేదు. తన కాసునే తిప్పి తిప్పి చూసుకుంటున్నారు. నా నోరే నా కొంప ముంచిందనుకున్నాను.

“తీసుకెళ్ళి ఏం చేత్తారండీ? బీరువాలో పెట్టి తాళమేత్తారా?”

“లేదండీ. బందరులో మా కాసులవాళ్ళం ఏటా ఒక హాల్లో కలుస్తాం. అందరి ముందూ పెడతాను.”

“తోమకుండానే?”

“తోమకుండానే.”

ఆవిడ కాసుని నా అరచేతిలో పెట్టి వేళ్ళు మూశారు. “అయితే పట్టుకెళ్ళండి. ఎవరిదని అడిగితే నాదని చెప్పండి.” కొత్త కాసు కోడలి చేతిలో పెట్టాను.

ఆ నెలలోనే మేం హాల్లో కలిసినప్పుడు దాన్ని కిటికీ పక్క బల్ల మీద పెట్టాను. మాసిన కాసు కోసం తిరుగుతున్నానని నన్ను ఏళ్ళ తరబడి ఆటపట్టించిన మా కాసులవాళ్ళలోని పెద్దాయన భూతద్దంతో మూడుసార్లు చూసి, ఎవరిదండీ ఇది అన్నారు. హాలంతా వినపడేలా మామ్మగారి పేరు చెప్పాను. సంతోషం పట్టలేక అక్కణ్ణుంచే ఆవిడకి ఫోన్ చేశాను.

“ఎంతమంది చూశారండీ?”

“జనం ఇంకా బల్ల చుట్టూనే ఉన్నారండీ.”

“ఎవరన్నా తోమమన్నారా?”

“ఒక్కరూ అనలేదండీ.”

ఆవిడ ఫోన్ పక్కకి పెట్టి, “విన్నావటే కోడలా!” అని కేకేయడం వినిపించింది.