తువ్వాలు కిందికి రాని చేతులు

యుద్ధం మొదలైన ఏడు, 1939. ఆదోని పత్తి మార్కెట్లో ఎప్పటిలాగే బస్తాలోంచి గుప్పెడు పత్తి లాగి వేళ్ళతో పోగు సాగదీశాను. పొడుగో పొట్టో తెలియలేదు. ఇరవై ఏళ్ళుగా కళ్ళు మూసుకుని చెప్పేవాణ్ణి. అక్కడే కూలబడి ఏడ్చాను.

అప్పటికే నెల రోజులుగా తిండి సయించడం లేదు. ఇంట్లోవాళ్ళు మంత్రాలయంలో మూడు రోజులు ఉంచారు. తగ్గలేదు. బళ్ళారి డాక్టరు "మెలంకోలియా", అంటే మనసు కుంగిపోయే జబ్బు అని మద్రాసు పిచ్చాసుపత్రికి చీటీ రాశాడు. అక్కడ రక్తం, మూత్రం టెస్టులయ్యాక జబ్బు తగ్గడానికని కావాలనే ఫిట్స్ తెప్పించే కార్డియజోల్ ఇంజక్షన్లు, వారానికి రెండు. అది ఎక్కగానే చచ్చిపోతున్నానన్న భయం, ఆపైన ఫిట్స్. ఆరోసారి నాలుక తెగింది, నడుం పట్టేసింది. వద్దని డాక్టరు కాళ్ళు పట్టుకున్నాను. "ఇంకో రెండే," అన్నాడు. చివరికి ఆకలీ నిద్రా తిరిగొచ్చాయి. డిశ్చార్జ్ నాడు "ఫిట్ ఫర్ వర్క్" అని సర్టిఫికెట్ రాసి, "పని మానొద్దు, అదే నీకు టానిక్," అన్నాడు.

నేను దళారిగా ఉన్న మండీ యజమాని శెట్టికి ఆ కాగితం ఇచ్చాను. చదివి మడిచిపెట్టాడు. "నీడన కూసోప్పా. నీకేం తక్కువ సేయను," అన్నాడు. పత్తి ముట్టనివ్వలేదు. బస్తాలెత్తే కొక్కేలు నా దరిదాపుల్లో లేకుండా తీయించాడు. అదంతా దయ అనుకున్నాడు ఆ మహానుభావుడు! ఆస్పత్రి కటకటాలే నయమనిపించింది.

పదో రోజున నేనే లేచాను. చిప్పగిరి రైతు ఒకాయన పత్తి అమ్మకానికి వచ్చింది. మా దగ్గర ధర పైకి చెప్పరు. దళారీ, కొనేవాడూ తువ్వాలు కింద చేతులు కలిపి, వేళ్ళు నొక్కి చెప్పుకుంటారు. ఎమ్మిగనూరు వ్యాపారి ముందు తువ్వాలు పట్టాను. ఏళ్ళ తరబడి నాతో బేరమాడినవాడు చేతులు చంకల్లో పెట్టుకున్నాడు.

"నోటితో సెప్పన్నా," అన్నాడు.

మార్కెట్టంతా చూస్తోంది. నాకు ఒళ్ళు మండిపోయింది. "నా చేతికేమన్నా గజ్జి ఉండాదా?" అని అరిచాను. అంతే, నలుగురొచ్చి రెక్కలు పట్టుకున్నారు.

"మళ్ళా రోగం వొచ్చె సూడండ్రా!" అంటూ శెట్టి పరుగెత్తుకొచ్చాడు.

అవమానం జరిగితే మామూలు మనిషికి వచ్చేది కోపమట, నాకు వచ్చేది రోగమట! తలుచుకుంటే ఇప్పటికీ పళ్ళు కొరుకుతాను.

ఆ చిప్పగిరి రైతు అడ్డం వచ్చాడు. "ఇడసండప్పా. సేయి ఇయ్యకపోతే యెవురికి కోపం రాదు? నా పత్తికి ఈయనే బేరం సేయాల. ల్యాకుంటే బండి తిప్పుకోని పోతా."

సర్టిఫికెట్టు అర్థం కాని శెట్టికి ఈ మాట వెంటనే అర్థమైంది. ఇంకో వ్యాపారిని పిలిచాడు. వాడి అరచెయ్యి భయంతో చెమట పట్టి ఉంది. అయినా బేరం కుదిరింది.

నాలుగేళ్ళయింది. రోజూ మార్కెట్‌కు పోతున్నాను. ఎమ్మిగనూరు వ్యాపారి ఇప్పుడు చేయి చాపుతున్నాడు. పట్టుకుంటాను, అది నా పని. క్షమించలేదు.

మీ దగ్గర పనిచేసే మనిషి ఇలాంటి జబ్బు నుంచి తిరిగొస్తే, మొదటి రోజే అతని పాత పనిలో కొంతైనా అతనికివ్వండి. కోపమొచ్చి అరిస్తే, ఏం జరిగిందని ముందు అడగండి. నా రెక్కలు పట్టుకున్న నలుగురిలో ఒక్కడూ అడగలేదు.